రెండు మోకులు

పోయిన వారం మాణిక్యప్పను మనం జొన్నల పాతర మూతి దగ్గర, చేతిలో మోకుతో వదిలిపెట్టి వచ్చాం. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న మోకు ఉన్నట్టుండి వదులైపోయింది. రెండో కొసన ఉన్నది అతని చిన్న కొడుకు బసవరాజు. అసలు మాణిక్యప్పకు ఇప్పుడు మిగిలిన కొడుకు అతనొక్కడే.

కథ నడుమలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది డెబ్భై మూడో సంవత్సరం ఎండాకాలం. నారాయణఖేడ్ చుట్టుపట్ల వానలు మొహం చాటేసిన కాలం. కంది మాడిపోయింది, జొన్న చేతికి రాలేదు. ఊళ్లో ఇంకా జొన్నలున్నాయంటే అవి భూమి లోపల, పాతరల్లోనే. మాణిక్యప్ప ఇంటి దొడ్లో పశువుల కొట్టం పక్కన ఉన్న పాతర అతని తాత తవ్వించింది. పైన ఒక్క మనిషి కష్టం మీద దూరేంత మూతి, లోపల గదంత కడుపు. గోడల వెంట జొన్నచొప్ప పరిచి, గింజలు నింపి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తేస్తారు. గింజ ఏళ్ల తరబడి చెడదు. అయితే మూత తీసిన వెంటనే దిగకూడదు. లోపల మగ్గిన ఆవిరి ఎంతటి మనిషినైనా నిలువునా పడేస్తుంది. అందుకే మూత తీసి ఒక రోజు వదిలేసి, ఆ తర్వాత కందిలి దించి చూస్తారు. దీపం నిలిస్తే దిగవచ్చు, ఆరితే ఆగాలి.

ఆ ఇంట్లో పాతర గురించి ఇంకో రెండు కట్టుబాట్లున్నాయి. మూత తీసింది మొదలు జొన్నలు ఇంట్లోకి చేరేదాకా ఆడవాళ్లు దొడ్లోకి రాకూడదు. ఆ వైపు తలుపు కూడా తీయకూడదు. ఆడదాని నీడ పడితే గింజ పుచ్చిపోతుందని నమ్మకం. రెండోది, పాతరలో దిగి మొదటి గంప పైకి పంపినవాడికి ఇంటి భూమిలో భాగం ఉన్నట్టు ఊరంతా ఒప్పుకుంటుంది. అన్నదమ్ములుంటే ఏడాదికి ఒకరి వంతు. ఈ ఏటి వంతు పెద్దవాడు శరణప్పది. శరణప్ప నిరుడు జ్వరమొచ్చి పోయాడు. అతని భార్య మణెమ్మ పుట్టిల్లు బోరంచకు పోనంది, మొగుడి భాగం తానే దున్నుకుంటానంది. మాణిక్యప్ప కాదన్నాడు. అన్న వంతున తమ్ముడు దిగి గంప పంపితే శరణప్ప భాగం అక్కడితో చెరిగిపోతుంది, మణెమ్మ మూట సర్దుకోక తప్పదు. అది జరగడం చూడటానికే కులపెద్ద సంగయ్యను పిలిపించి మంచం వేసి కూర్చోబెట్టాడు. దొడ్డి వాకిలి బయట కూలివాళ్లు ఖాళీ గంపలతో కాచుకుని ఉన్నారు. పెద్దమనిషి ముందు, ఆకలితో ఉన్నవాళ్ల ముందు, ఆలస్యం మాణిక్యప్పకు నచ్చలేదు. పొద్దున మూత తీయించి మధ్యాహ్నానికే కందిలి దించాడు.

దీపం ఆరింది. బసవరాజు చూశాడు, మాణిక్యప్ప కూడా చూశాడు. గాలికి ఆరిందన్నాడు మాణిక్యప్ప. రేపు దిగుతానన్నాడు బసవరాజు. అప్పుడు నలుగురిలో తండ్రి ఆ మాట అన్నాడు.

"భయమైతె పోయి గాజులు తొడుక్కో."

ఆ మాట పడ్డాక పెళ్లీడు పిల్లవాడు ఏం చేస్తాడు, దిగాడు. అదీ మోకును చేతుల్తో పట్టుకుని దిగాడు. నడుముకు కట్టుకుని దిగే అలవాటు ఆ ఊరి మగవాళ్లకు లేదు. కట్టుకుంటే భయపడ్డట్టు కదా.

"బసవా" అని పిలిచాడు మాణిక్యప్ప. పాతరలోంచి పిలుపు తిరిగి వచ్చింది గానీ జవాబు రాలేదు. మోకు లాగితే ఉత్త మోకే వచ్చింది. మోకు సంగతి చేతులకు తెలిసిపోయింది, తలకే ఇంకా ఎక్కలేదు. జీతగాడు బీరప్ప తువ్వాల నడుముకు బిగించుకుని మూతి దగ్గరికి ఉరికాడు.

"నేను దిగుత పటేలా."

"ఆగు బీరప్పా. దిగినవంటె నువ్వు గూడ ఆడనే పడ్తవ్."

అది ఆడగొంతు. దొడ్లో ఉన్న మగవాళ్లంతా తలలు తిప్పారు. తెరవకూడని తలుపు బార్లా తెరిచి ఉంది. గడప ఇవతల, నడినెత్తి ఎండలో మణెమ్మ నిలబడి ఉంది. చీర గోచి పెట్టి బిగించింది. భుజం మీద గొంగడి వేసుకుంది. ఎక్కడ ముంచి తెచ్చిందో, దానినుంచి నీళ్లు కారుతున్నాయి.

సంగయ్య మంచం మీంచి లేచాడు. చేతికర్ర అడ్డం పెట్టాడు.

"లోపటికి నడువు మణెమ్మా. మొగడు పోయినదానివి, పాతర మొఖం జూస్తవా? గింజంత ఖరాబైతది."

"గింజ సంగతి ఎన్కకు జూద్దాం పెద్దయ్యా. లోపల మనిషున్నడు."

ఆమె ఆగలేదు. దారికడ్డంగా ఉన్న దండెం పక్కకు తోసినట్టు ఆ కర్రను ఒక్క చేత్తో జరిపి ముందుకు వచ్చింది. సంగయ్య కర్రను ఇంకొకరు ముట్టుకోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. అంతమంది మగవాళ్లలో ఆమెను ఆపినవాడు లేడు. ఆపాలని లేక కాదు, ఇప్పుడేం చేయాలో తెలిసిన ముఖం అక్కడ ఆమెదొక్కటే.

గొంగడి నాలుగు కొసలూ ఒకచోటికి తెచ్చి మోకుకు కట్టింది. బీరప్ప చేతికిచ్చింది.

"దించు, జల్దీ పైకి గుంజు. మల్ల దించు. నీళ్లు చేదినట్టు గాదు, కసిగ గుంజాలె. లోపలి గాలి బయటికి రావాలె, బయటి గాలి లోపలికి పోవాలె."

బీరప్ప దించి లాగాడు. గొంగడి పైకొచ్చిన ప్రతిసారీ వేడిగా, పుల్లగా వాసన ఒకటి మూతిలోంచి తన్నుకొచ్చింది. మణెమ్మ తలుపు వైపు చూసి కేకేసింది.

"చాటలు తేండ్రి. ఉన్నయన్ని తేండ్రి."

ఇంట్లోంచి ఆడవాళ్లు వచ్చారు. వాకిలి బయట కూలివాళ్లలో ఉన్న లింగమ్మ తన గంప కింద పడేసి, కనిపించిన చాట అందుకుని వచ్చింది. పాతర చుట్టూ వంగి అందరూ విసురుతున్నారు. జొన్నలు చెరిగే చేతులవి, గాలిని ఎటు పంపాలో వాటికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆడవాళ్లు దొడ్లోకి రాకూడదన్న కట్టుబాటు ఎప్పుడు పోయిందో ఆ గడబిడలో ఎవరూ గమనించలేదు. గమనించినవాడు సంగయ్య ఒక్కడే.

కందిలి మళ్లీ దించారు. మంట చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఆరిపోతుందనిపించింది. ఆరలేదు. మణెమ్మ ఇంకో మోకు అందుకుని నడుముకు చుట్టి గట్టిగా ముడేసుకుంది. దాని కొస తెచ్చి మాణిక్యప్ప చేతిలో పెట్టింది.

"మామా, గిది నా మోకు. గాడ బీరప్ప చేతుల ఉన్నది బసవరాజుకు కడ్త. నేను గుంజితె ముందుగాల ఆయన్ని లాగుండ్రి. మూతిల ఒక్కరే పడ్తరు. ఆయన బయటికొచ్చుడుతోనే నన్ను లాగుండ్రి. లోపల నేను ఊపిరి తీసుకోను. ఆలిస్యం జేయొద్దు."

మాణిక్యప్ప తల ఊపాడు. కొసను పిడికిట్లో బిగించాడు. ఆమె గుండెనిండా గాలి పీల్చుకుంది, పెదాలు బిగించింది, కాళ్లు మూతిలోకి వేసింది. చూస్తుండగానే నడుము, భుజాలు, తల భూమిలోకి పోయాయి.

మాణిక్యప్ప బోర్లా పడుకుని లోపలికి చూశాడు. కందిలి వెలుగులో జొన్నలు పచ్చగా కనిపిస్తున్నాయి. వాటి మీద బసవరాజు పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. మణెమ్మ మోకాళ్లదాకా గింజల్లో కూరుకుపోయి అతని దగ్గరికి జరిగింది. చంకల కిందినుంచి మోకు తిప్పింది. మోట బొక్కెనకు వేసే ముడి వేసింది. ఆ వేళ్లు వణకడం లేదు, తొందరపడటం లేదు, ఒక్క పని రెండుసార్లు చేయడం లేదు. మాణిక్యప్ప తన బతుకులో ధైర్యాలు చాలానే చూశాడు. ఎద్దును కొమ్ములు పట్టి ఆపినవాళ్లను, పోలీసులకు ఎదురు తిరిగినవాళ్లను చూశాడు. వాటన్నిటికీ కేకలుండేవి, మీసం మెలేయడం ఉండేది, చుట్టూ చూసేవాళ్లుండేవాళ్లు. ఇట్లా ఊపిరి బిగబట్టుకుని, చప్పుడు లేకుండా, చీకట్లో ముడి వేసే ధైర్యాన్ని అతను ఎన్నడూ చూడలేదు. ఆడది పాతరలో దిగిందన్న మాట ఆ క్షణంలో అతనికి గుర్తే లేదు. గుడిలో గర్భగుడి ముందు నిలబడినప్పుడు కలిగే జంకు లాంటిదేదో అతని ఒళ్లంతా పాకింది.

మోకు కదిలింది.

"లాగుండ్రి" అని అరిచాడు బీరప్ప.

దొడ్లో ఉన్న మగవాళ్లంతా ఆ మోకు మీద పడ్డారు. సంగయ్య కూడా కర్ర పారేసి చెయ్యేశాడు. బసవరాజు తల కనిపించింది. భుజాల దగ్గర మూతిలో ఇరుక్కున్నాడు. మాణిక్యప్ప దుమికి కొడుకు రెక్కలు పట్టుకున్నాడు, పక్కకు తిప్పాడు, బలమంతా పెట్టి లాగాడు. బసవరాజు గట్టుమీద పడ్డాడు. ముఖం నీలంగా ఉంది. ఎవరో నీళ్లు చల్లారు, ఎవరో వీపు మీద చరిచారు, ఎవరో దవాఖానకు బండి కట్టమని అరిచారు. మాణిక్యప్ప కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని పిలుస్తూనే ఉన్నాడు. పిలవగా పిలవగా బసవరాజు రొమ్ము ఒక్కసారి ఎగిసిపడింది. దగ్గాడు. మళ్లీ దగ్గాడు. మాణిక్యప్పకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతమందిలో ఏడవడం ఇదే మొదలు, అయినా దాచుకోలేదు.

అప్పుడు వెనకనుంచి మెల్లగా ఒక మాట వినపడింది.

"ఎవలన్న ఇటు రాండ్రి. పిల్ల బరువైంది."

మాణిక్యప్ప తిరిగి చూశాడు. అతని భార్య నీలమ్మ పాతర మూతి దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి పాతర తీసిన రోజు గడప దాటి ఎరగని మనిషి. మడమలు రెండూ మట్టిలో తన్నిపెట్టి, ముంజేతికి మోకు చుట్టుకుని, వెనక్కి వాలి ఒక్కతే లాగుతోంది. మోకు ఒరుసుకుని గాజులు పగిలాయి. మణికట్టు నుంచి రక్తం కారి మోకు తడుస్తోంది. ఆమె వదలడం లేదు.

మాణిక్యప్ప తన చేతులు చూసుకున్నాడు. వాటిలో మోకు లేదు. మణెమ్మ స్వయంగా తెచ్చి పెట్టిన మోకు. ఎప్పుడు వదిలేశాడో అతనికే తెలియదు.

లింగమ్మ చాట పారేసి ఉరికింది. ఆమె వెనక ఇంటి ఆడవాళ్లు, వాళ్ల వెనక బీరప్ప. అందరూ కలిసి లాగారు. మణెమ్మ చేతులు రెండూ వేలాడుతూ, తల వెనక్కి వాలి, పాతర మూతిలోంచి పైకొచ్చింది. తడిసిన వెంట్రుకల నిండా జొన్నలు. నీలమ్మ ఆమెను ఒళ్లో వేసుకుని ముఖం మీద ఊదింది. బుగ్గలు తట్టింది. ఆ పిల్ల లేవకపోతే తాను ఏ ముఖంతో ఈ భూమి మీద తిరగాలో మాణిక్యప్పకు అంతుపట్టలేదు. అతను బతుకులో ఎన్ని మొక్కులు మొక్కాడో గానీ, కోడలి కోసం మొక్కడం అదే మొదటిసారి.

మణెమ్మ పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. తర్వాత గురక లాంటి చప్పుడుతో గాలి పీల్చింది. ఆడవాళ్లందరూ కూడబలుక్కున్నట్టు కూలబడ్డారు.

బీరప్ప బండి కట్టడానికి పోయాడు. మాణిక్యప్ప భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బసవని కాడికి రాలేదు నువ్వు" అన్నాడు. నిందగా అనలేదు, ఆశ్చర్యంగానే అన్నాడు.

నీలమ్మ తల ఎత్తలేదు. కోడలి వెంట్రుకల్లోంచి గింజలు ఏరుతూ అంది.

"నీ కొడుకు మోకుకు ఇంతమంది ఉన్నరు. దీని మోకు కింద పడున్నది."

ఆమె కన్నతల్లి. లోపల పడ్డది ఆమె కడుపున పుట్టినవాడు. ఆ కొడుకు చచ్చాడో బతికాడో తెలియకముందే ఆమె ఇటు వచ్చి ఈ మోకు పట్టుకుంది. ఆ సంగతి మాణిక్యప్పకు మెల్లగా అర్థమైంది. ఇంత కాలం పక్కన మసలిన మనిషిని ఇవాళే చూస్తున్నట్టు ఆమె వైపు చూశాడు. గాజులు తొడుక్కోమని కొడుకును తిట్టిన నోటితోనే ఇప్పుడు కోడలిని అడిగాడు.

"గిదంత నీకెవలు నేర్పిన్రు మణెమ్మా?"

మణెమ్మ గొంతు బొంగురుపోయింది.

"మా నాయినకు కొడుకుల్లేరు మామా. మా ఇంటి పాతరల చిన్నప్పటి సంది నేనే దిగిన. మోకు నడుముకు కట్టిందాక మా నాయిన దిగనియ్యకపోతుండె. మీ ఇంటికి వచ్చినంక ఎవలికీ చెప్పలే. చెప్తె మా ఇంటి జొన్న మీరు ముడ్తరా?"

మాణిక్యప్పకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఏటా బోరంచ జాతర తర్వాత వియ్యంకుడు బండి మీద పంపే జొన్నల బస్తా. ఆ జొన్నరొట్టె తింటూ, రొట్టె అంటే ఇదీ అని తాను పదిమందిలో మెచ్చుకోవడం. మణెమ్మ వడ్డిస్తూ తల వంచుకుని నవ్వుకోవడం. కొత్త కోడలి సిగ్గు అనుకున్నాడు అప్పుడు.

"సంగయ్య పెద్దయ్య ఇంటికి గూడ గా జొన్నలు ఇచ్చినం" అంది నీలమ్మ నింపాదిగా. "మల్లొకసారి గూడ అడిగి తీస్కపోయిండు."

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకెవరో కిసుక్కుమన్నారు. చావు అంచుదాకా పోయొచ్చిన ఆ దొడ్లో నవ్వు ఎట్లా పుట్టిందో గానీ, ఆడవాళ్లందరి భుజాలూ కదిలాయి. సంగయ్య ముఖం ఎర్రబడింది. పారేసిన కర్ర వెతుక్కుని తీసుకున్నాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. మాణిక్యప్పా, ఇప్పుడే నాగల్‌గిద్ద పోతున్న. పొద్దుగాల్ల పెద్దమనుషుల్ని తోల్కొస్త. గీ పాతర పూడుస్తవా, లేక కులం బయట ఉంటవా, అప్పటిలోపు తేల్చుకో."

"పూడిస్తె మేమేం తినాలె పటేలా?" అంది లింగమ్మ. ఆ మాట సంగయ్యకూ వినపడింది. అయినా ఆయన వాకిలి దాటిపోయాడు.

బండి వచ్చింది. బసవరాజును ఎక్కించబోతే అతను చెయ్యెత్తి ఆపాడు. తండ్రిని దగ్గరికి పిలిచాడు.

"దీపం ఆరింది నాయినా. నువ్వు గూడ జూసినవ్."

మాణిక్యప్ప నేల చూపులు చూశాడు.

"నాకు శానా భయమైంది. పాతరంటె చిన్నప్పటి సంది నాకు భయమే. అన్న దిగుతుంటె గూడ నేను కండ్లు మూసుకుంటుంటి. ఇంట్ల వదినెకు ఒక్కదానికే తెలుసు. మొగోన్ని గద, ఇంకెవలికి చెప్పాలె?"

"భయమైతె మోకు కట్టుకుని దిగాలె. అందుట్ల సిగ్గేంది?" అంది మణెమ్మ కళ్లు మూసుకునే.

బసవరాజు ఆమె వైపు చూశాడు. పదిరోజుల కింద ఇదే దొడ్లో, వదినె బోరంచకు పోవాలె అని తండ్రితో గొంతు కలిపినవాడు ఇతనే. ఇప్పుడు ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గీ ఏటి వంతు అన్నది. నేను దిగుడే తప్పు. గంప వదినెకియ్యి నాయినా."

బండి కదిలిపోయింది. దొడ్లో మిగిలినవాళ్లందరూ మాణిక్యప్పనే చూస్తున్నారు. మొదటి గంప పాతర పక్కన బోర్లించి ఉంది. పొద్దున మూత తీయకముందే నీలమ్మ దానికి విభూతి రాసి, పసుపు పెట్టి, తలుపు సందులోంచి బయటికి అందించింది. దాన్ని మణెమ్మకు ఇస్తే భూమిలో శరణప్ప భాగం ఆమెదే అని ఊరంతా ఒప్పుకుంటుంది. తెల్లారితే నాగల్‌గిద్ద పెద్దలు దిగుతారు. కులం, బంధువులు, బసవరాజు పెళ్లి, అన్నీ ఒక్కసారిగా మాణిక్యప్ప తలలో తిరిగాయి. అవి తిరుగుతుండగానే అతని కళ్లు నీలమ్మ మణికట్టు మీద ఆగాయి. రక్తం ఇంకా ఆగలేదు. తన అరచేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

అతను వంగి గంప తీశాడు. దుమ్ము దులిపాడు. ఆడవాళ్లు దారి ఇచ్చారు. మణెమ్మ ముందు గొంతుక్కూర్చుని, గంప ఆమె ఒళ్లో పెట్టాడు. ఆ ఇంట్లో కోడలి ముందు మామ అట్లా కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు.

"పొద్దుగాల్లకు పాతరల గాలి మంచిగైతది" అన్నాడు. "మల్ల దిగుతవా బిడ్డా?"

బిడ్డా అన్న పిలుపుకు మణెమ్మ కళ్లు తెరిచింది. గంపను అటూ ఇటూ తిప్పి చూసింది. పసుపు అంటిన అంచును వేలితో తుడిచింది. లింగమ్మ, నీలమ్మ, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"దిగుత మామా. మా ఆయన వంతు, దిగుత."

మాణిక్యప్ప గుండె బరువు దిగినట్టై లేవబోయాడు. ఆమె ఇంకా అతని ముఖంలోకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు.

"కాని నా మోకు నువ్వు పట్టొద్దు."